నడుస్తోంది కదా!

మన కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఒక మంత్రం ఉంది. ఫస్టియర్ ల్యాబ్‌లో సీనియర్లు చెవిలో ఊదేస్తారు. "కోడ్ నడుస్తోందా? అయితే ముట్టుకోకు!" దీని మీద ఎన్ని మీమ్స్ ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను కూడా ఒకటి లాప్‌టాప్ మీద స్టిక్కర్‌గా అంటించుకున్నా. మొన్న జనవరిలో పీకేశా. ఎందుకు పీకానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ వాళ్లు దిద్దుతారనే ధైర్యంతో రాస్తున్నా. ఇంకో విషయం, ఇది కారు ఇంజన్ గురించి. మెకానికల్ వాళ్లు నవ్వుకోవచ్చు. మిగతావాళ్లు భయపడకండి, నాకు అర్థమైందంటే మీకు కచ్చితంగా అర్థమవుతుంది.

మాది సూళ్లూరుపేట. నాన్న కారు డ్రైవరు. సొంత కారే, పాత డీజిల్ బండి. చెన్నై ఎయిర్‌పోర్టుకి, చెన్నై ఆసుపత్రులకి, నేలపట్టు పక్షుల దగ్గరికి, పులికాట్ వైపు ఫ్లెమింగోలు చూడటానికి వచ్చేవాళ్లకి, రాకెట్ ప్రయోగాలప్పుడు వచ్చేవాళ్లకి బండి తిప్పుతాడు. మా ఇంట్లో బియ్యం, కరెంటు బిల్లు, నా సెమిస్టర్ ఫీజు అన్నీ ఆ ఇంజన్‌లోంచే వస్తాయి.

దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక రోజు పొద్దున్నే నాన్న బండి స్టార్ట్ చేస్తుంటే ముందు నుంచి ఒక శబ్దం వచ్చింది. ఇనప డబ్బాలో నాలుగు గొలుసు ముక్కలేసి ఊపినట్టు. మూడు నాలుగు సెకన్లు, అంతే. తర్వాత మామూలే.

"ఏంటి నాన్నా ఆ సౌండు?"

"ఏం లేదులేమ్మా, చలికి అట్టా వస్తది."

అక్టోబరులో, సూళ్లూరుపేటలో, చలి! ఆ మాటకి నేను నవ్వాలి. నవ్వలేదు. ఎందుకంటే నా బుర్రలో కూడా అదే మంత్రం ఉంది. నడుస్తోంది కదా.

ఆ శబ్దం టైమింగ్ చెయిన్‌ది. దాని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంటుంది. దాని పని నాలుగు అడుగులు. గాలి పీల్చడం, నొక్కడం, డీజిల్ మండి కిందకి తోయడం, పొగ బయటికి నెట్టడం. పీల్చేటప్పుడు ఒక తలుపు తెరుచుకోవాలి, పొగ నెట్టేటప్పుడు ఇంకో తలుపు. ఆ తలుపులే వాల్వులు. వాటిని తెరిచేది క్యామ్‌షాఫ్ట్, అంటే గుడ్డు ఆకారంలో మిట్టలున్న ఒక ఉక్కు కడ్డీ. అది తిరుగుతుంటే మిట్ట వచ్చినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది, మిట్ట దాటగానే స్ప్రింగు మూసేస్తుంది. నాన్న బండిలో ఇలాంటి కడ్డీలు రెండున్నాయి. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ కింద ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్‌లు పైన. ఈ పైనకీ కిందకీ సంబంధం కలిపేది ఒక గొలుసు, సైకిల్ చెయిన్‌కి బలమైన చెల్లెలు. అదే టైమింగ్ చెయిన్. క్రాంకు సరిగ్గా రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. "సుమారుగా" అంటే కుదరదు.

లెక్క వేసి చూశా. హైవే మీద ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోందనుకుందాం. క్యామ్ 1,200 చుట్లు. అంటే ఒక్కో వాల్వు సెకనుకి 20 సార్లు తెరిచి మూసుకోవాలి. చెన్నైకి గంటన్నర పట్టిందంటే ఒక్కో వాల్వు 1,08,000 సార్లు. రానూపోనూ రెట్టింపు. ఇందులో ఒక్కసారి కూడా తప్పకూడదు.

ఎందుకు తప్పకూడదు? ఇది మన సబ్జెక్టే. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో క్రిటికల్ సెక్షన్ చదువుకున్నాం కదా. రెండు ప్రాసెస్‌లు ఒకే చోటుని వాడుకోవాలి, కానీ ఒకేసారి వాడకూడదు. అచ్చం అదే. తెరుచుకున్న వాల్వు కిందకి దిగే చోటు, పిస్టన్ పైకి వచ్చే చోటు, రెండూ ఒకటే చోటు! డీజిల్ ఇంజన్‌లో గాలిని బాగా నొక్కాలి కాబట్టి పైన ఖాళీ చాలా తక్కువ. వాల్వు వచ్చినప్పుడు పిస్టన్ ఉండకూడదు, పిస్టన్ వచ్చినప్పుడు వాల్వు ఉండకూడదు. వీళ్లిద్దరి మధ్య తాళం ఆ గొలుసే. మన ప్రోగ్రాంలో రేస్ కండిషన్ వస్తే తప్పు ఆన్సర్ వస్తుంది, రీరన్ చేస్తాం. ఇక్కడ వస్తే వాల్వు వంగిపోతుంది, పిస్టన్‌కి దెబ్బ తగులుతుంది. రీరన్ లేదు.

మా నాయనమ్మకి ఇదంతా చెబితే ఒక్క మాటలో తేల్చేసింది. "అదనులో పడాలన్న మాట." వరి నాటే వాళ్లకి అదను గురించి మనం చెప్పాలా! టైమింగ్‌కి తెలుగు మాట లేదని అనుకునేదాన్ని, మా వంటింట్లోనే ఉంది.

మరి గొలుసు ఎందుకు పాడవుతుంది? చెయిన్ సాగింది అంటారు గానీ అది రబ్బరులా సాగదు. గొలుసులో ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను తిరుగుతుంటుంది. అరిగేది అక్కడ. ఒక్కో కీలు దగ్గర అరుగుదల కంటికి కనపడదు, కానీ అన్ని కీళ్లవీ కలిస్తే గొలుసు మొత్తం పొడుగవుతుంది. ఆ వదులుని ఒక టెన్షనర్ చూసుకుంటుంది. ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో ముందుకి జరిగి, ప్లాస్టిక్ పూత ఉన్న గైడుని గొలుసు మీదకి నొక్కి పెడుతుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆ ఒత్తిడి పోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆయిల్ ఎక్కేదాకా వదులు గొలుసు కొట్టుకుంటుంది. ఆ నాలుగు సెకన్ల శబ్దం ఇదే. చలికి కాదు.

ఇప్పుడు అసలు కథ. నవంబరులో నా సెమిస్టర్ ఫీజు. డిసెంబరు, జనవరి నాన్నకి సీజను. పక్షులు వచ్చే కాలం, జనవరిలో మా ఊళ్లోనే ఫ్లెమింగో ఫెస్టివల్. బండి వారం రోజులు షెడ్డులో పెట్టే కాలం కాదది. మెకానిక్ మేస్త్రీ అక్టోబరులోనే విని చెప్పాడట. "చెయిన్ సెట్టు మార్చేద్దాం తమ్ముడూ, ఓ పదిహేను వేలవుతది." నాన్న సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. ఆయిల్ మార్చే టైము కూడా ఆ హడావుడిలో దాటిపోయింది.

జనవరిలో ఒక రాత్రి నాన్న చెన్నై ఎయిర్‌పోర్టులో ప్యాసింజర్లని దింపి ఒక్కడే తిరిగొస్తున్నాడు. తడ దాటాక శబ్దం మొదలై ఆగలేదు. మీటరు పక్కన ఎర్ర ఆయిల్ లైటు ఒక్కసారి మిణుక్కుమంది. నాన్న బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేశాడు. ఇంటికి ఇంకో పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాట. "మళ్లీ తాళం తిప్పబాక." పొద్దున్నే తాడు కట్టి లాక్కొచ్చారు.

నేను సంక్రాంతి సెలవుల్లో ఇంట్లోనే ఉన్నా. షెడ్డుకి నాన్నతో పాటు వెళ్లా. ముందు పైమూత విప్పాడు. రెండు క్యామ్‌షాఫ్ట్‌లూ కనిపించాయి. నాకు అంతా మెరుస్తూ బాగానే ఉన్నట్టు అనిపించింది. మేస్త్రీ నా ఫోన్ లైటు ఒక మిట్ట మీద వేయించి, "గోరుతో రాసి చూడు పాపా" అన్నాడు. గోరు తట్టుకుంది. నున్నగా అద్దంలా ఉండాల్సిన చోట చిన్న చిన్న గుంటలు, గీతలు. రెండో కడ్డీ కూర్చునే చోట్ల కూడా గీతలే.

తర్వాత కింద ఆయిల్ సంపు దించితే మొత్తం బయటపడింది. గైడు విరిగిపోయి ఉంది. దాని ప్లాస్టిక్ ముక్కలు ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడ్డాయి. ఆయిల్ పైకి ఎక్కడం తగ్గింది. ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్‌లు ఉండేది అన్నిటికన్నా పైన, ఆయిల్ ఆఖరున చేరే చోటు. ముందు ఎండింది అవే.

చూశారా వరస? గొలుసు వదులైంది, గైడుని కొట్టింది, గైడు విరిగింది, జాలీ మూసుకుంది, ఆయిల్ ఆగింది, క్యామ్‌షాఫ్ట్‌లు పోయాయి. అక్టోబరులో పదిహేను వేలు. జనవరిలో మేస్త్రీ కాగితం మీద వేసిన ఎస్టిమేటు 42 వేలు. ప్రోగ్రామర్లు దీన్ని టెక్నికల్ డెట్ అంటారు. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ ఈ అప్పు పోలిక వాడాడు. ఇప్పుడు సరిగ్గా చెయ్యకుండా దాటేసిన పని అప్పులాంటిది, వడ్డీ పెరుగుతూ ఉంటుంది అని. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కింద రాశా నేను. వడ్డీ ఎలా ఉంటుందో షెడ్డులో గోరుకి తగిలింది.

42 వేలు చూసి నాన్న అడిగినవి మీ ఇంట్లో వాళ్లు కూడా అడుగుతారు. అందుకే మేస్త్రీ సమాధానాలతో సహా రాస్తున్నా.

మొదటిది, "చెయిన్ ఒక్కటి మారిస్తే చాలదా?" చాలదు. పాత గొలుసుతో పాటు దాని పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయి. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు వేస్తే అది సరిగ్గా కూర్చోదు, తొందరగా పోతుంది. గైడులు, టెన్షనర్ కూడా అంతే. ఎలాగూ ముందు కవర్ విప్పడానికే లేబర్ అంతా అవుతోంది. ఆదా చేసిన ఒక్క చక్రం కోసం మళ్లీ అంతా విప్పాలి.

రెండోది, "క్యామ్‌షాఫ్ట్‌లు చెన్నై పుదుపేటలో సెకండ్ హ్యాండ్‌వి తెస్తే?" పాత స్పేర్లకి పుదుపేట పెట్టింది పేరు. తలుపులు, లైట్లు, సీట్లు అయితే తప్పేం లేదన్నాడు మేస్త్రీ. "క్యామ్ మాత్రం వద్దు తమ్ముడూ. ఒకరు తొడిగి అరగదీసిన చెప్పు ఇంకొకరి కాలికి ఎట్టా పడతాది?" ఒక ఇంజన్‌లో తనకంటూ ఒక అరుగుదల ఏర్పడిన కడ్డీ ఇంకో ఇంజన్‌కి సరిపోతుందని గ్యారంటీ లేదు.

మూడోది నేనే అడిగా. "అసలు క్యామ్‌షాఫ్ట్‌లు మార్చాలని అక్టోబరులోనే ఎందుకు చెప్పలేదు బాబాయ్?" ఆయన నవ్వాడు. "అప్పటికి అవి బాగుండాయి కాబట్టి. చూడకుండా మార్చమని చెప్పేవాడు మెకానిక్కా?" ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

మారుస్తుంటే రెండు రోజులు పక్కనే కూర్చున్నా. మొదటి పిస్టన్‌ని సరిగ్గా పై చివరకి తెచ్చి, క్రాంకుని, క్యామ్‌లని పిన్నులు పెట్టి కదలకుండా లాక్ చేశాడు. అప్పుడే గొలుసు తీశాడు. క్యామ్‌షాఫ్ట్‌ని పట్టి ఉంచే క్యాప్‌ల బోల్టులు ఒకటి పూర్తిగా విప్పి ఇంకొకటికి వెళ్లలేదు. అన్నిటినీ వరసగా కొంచెం కొంచెం వదులు చేశాడు. కింద వాల్వు స్ప్రింగులు పైకి తోస్తుంటాయి. ఒక పక్కే విప్పేస్తే కడ్డీ వంగొచ్చు, విరగొచ్చు. ప్రతి క్యాప్‌కీ నంబరు ఉంది, ఎక్కడిది అక్కడికే వెళ్లాలి. షెడ్డులో ఉన్న కుర్రాడు వాటిని పాత న్యూస్ పేపరు మీద అదే వరసలో పెట్టాడు. కొత్త కడ్డీలు పెట్టేముందు మిట్టలకి, కూర్చునే చోట్లకి ఆయిల్ బాగా పట్టించారు, లేకపోతే మొదటి నిమిషంలోనే గీతలు పడతాయి. బోల్టులు మళ్లీ వరసగా, టార్క్ పానాతో కొలిచి బిగించారు.

కొత్త టెన్షనర్‌కి ఒక చిన్న పిన్ను పెట్టి వస్తుంది, లోపలికి నొక్కి ఉంచడానికి. గొలుసు వేసి గుర్తులు కలిశాక ఆ పిన్ను లాగేయాలి. మర్చిపోతే అంతా కొత్తదే, గొలుసు మాత్రం వదులు! లాగాక ఆ పిన్ను నా చేతిలో పెట్టాడు. "దాచుకో, ఇది నీ చేతిలో ఉంటే ఇంజన్‌లో లేదని లెక్క."

ఒక్క పన్ను తప్పితే ఏమవుతుందో లెక్క చెప్పమన్నాడు. క్యామ్ చక్రానికి 36 పళ్లున్నాయనుకుంటే ఒక పన్నుకి 10 డిగ్రీలు. క్రాంకు రెండింతలు తిరుగుతుంది కాబట్టి అక్కడ 20 డిగ్రీలు. "మరి? ఒక్క పన్నే గదా అంటారు" అన్నాడు.

అంతా బిగించాక తాళం తిప్పలేదు. పెద్ద పానా క్రాంకు బోల్టుకి పెట్టి నా చేతికిచ్చాడు. చేత్తో రెండు చుట్లు తిప్పమన్నాడు. క్రాంకు రెండు చుట్లు, క్యామ్ ఒక చుట్టు, అంటే ఇంజన్ ఒక పూర్తి ఆవృతం. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపెయ్, బలం పెట్టొద్దు అన్నాడు. చేత్తో తిప్పినప్పుడు తగిలితే సరిదిద్దుకోవచ్చు, సెల్ఫ్ కొట్టినప్పుడు తగిలితే వాల్వులు పోతాయి. తిప్పా. తగల్లేదు. గుర్తులు మళ్లీ కలిశాయి. ప్రొడక్షన్‌లో పెట్టేముందు టెస్ట్ చేయాలని నాకు రెండేళ్లుగా చెబుతున్నారు. అరచేతులు చెమటపట్టేంతగా టెస్ట్ చేసింది మాత్రం ఆ రోజే.

ఇప్పుడు నా వాదన.

"నడుస్తోంది కదా" అనేది సాక్ష్యం కాదు. నడుస్తోంది అంటే ఈ క్షణం దాకా ఆగలేదని మాత్రమే అర్థం. నాన్న బండి అక్టోబరు నుంచి జనవరి దాకా రోజూ నడిచింది. నడుస్తూనే పాడైంది.

ఇది అర్థం చేసుకోవడానికి మా ఊరి వాళ్లకి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. పులికాట్ దాటితే శ్రీహరికోట. 2019 జులై 15, తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 ఎగరాలి. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ఊరంతా మేలుకుని ఉంది, దేశమంతా టీవీల ముందు ఉంది, రాష్ట్రపతి వచ్చి ఉన్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. సాంకేతిక లోపం కనిపించింది కాబట్టి. నాన్న బండిలో వచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెళ్లారు. వారం తర్వాత, జులై 22 మధ్యాహ్నం 2:43కి అదే రాకెట్ ఎగిరింది. ఆ రాత్రి ఎవరైనా "ఇంతమంది వచ్చారు కదా, కానిద్దాం" అనుంటే?

ఒక్క వాల్వు ఏం చేయగలదో కూడా మా ఊరికి తెలుసు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 ఎగిరింది గానీ పై దశ క్రయోజెనిక్ ఇంజన్ సరిగ్గా అంటుకోలేదు, ఉపగ్రహం దక్కలేదు. హైడ్రోజన్ ట్యాంకు వాల్వు దగ్గర లీకై ఒత్తిడి తగ్గడమే కారణమని తర్వాత పరిశీలించిన కమిటీ తేల్చింది. రాకెట్ అయినా, డీజిల్ కారైనా, వాల్వుకి పరువు ఒకటే.

దీనికి మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. హాస్టల్‌లో ఆల్రెడీ విన్నా.

"అయితే ప్రతిదీ విప్పి చూస్తూ కూర్చోవాలా?" వద్దు. బాగున్న ఇంజన్‌ని ఊరికే విప్పడం కూడా తప్పే. విప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒక చోట తప్పు బిగించే అవకాశం ఉంటుంది. మేస్త్రీ మాట గుర్తుందా, చూడకుండా మార్చమనేవాడు మెకానిక్కా అని? మన మంత్రంలో సగం నిజం అదే. కారణం లేకుండా ముట్టుకోకు. కానీ శబ్దం ఒక కారణం. వార్నింగ్ ఒక కారణం. కంపైలర్ పసుపు రంగులో పది వార్నింగులిస్తే ఎర్రర్ కాదుగా అని స్క్రోల్ చేస్తాం చూడండి, అది "ముట్టుకోకపోవడం" కాదు, చెవులు మూసుకోవడం.

"రేపు అందరం ఎలక్ట్రిక్ కార్లే కదా, క్యామ్‌షాఫ్టూ లేదు, చెయినూ లేదు." నిజమే, వాటిలో ఇవి ఉండవు. కానీ నాన్న నడిపేది రేపటి కారు కాదు. పైగా ఎలక్ట్రిక్ కారు కూడా ఏదో ఒక రోజు ఏదో ఒక శబ్దం చేస్తుంది. వినేవాళ్లుంటారా అన్నదే ప్రశ్న.

మూడోది అసలైన అభ్యంతరం. దీన్ని ఎవరూ నాతో అనలేదు, నాకు నేనే అనుకున్నా. డబ్బు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక నాన్న పంపిన పాత వాయిస్ మెసేజ్‌లు వరసగా విన్నా. నాన్న టైప్ చేయడు. పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తూ మాట్లాడి పంపిస్తాడు. సెప్టెంబరులో వెనక ఏం శబ్దం లేదు. అక్టోబరులో చిన్నగా ఉంది. నవంబరు మొదట్లో ఒక మెసేజ్, "ఫీజు కట్టేసినానమ్మా, రసీదు వచ్చిందేమో చూసుకో." ఆ మాటల వెనక గొలుసు శబ్దం స్పష్టంగా ఉంది. డిసెంబరుకి నాలుగు సెకన్లు పది సెకన్లయింది. మూడు నెలల లాగ్ ఫైల్ నా ఫోన్‌లోనే ఉంది. రసీదు చూసుకున్నా, శబ్దం వినలేదు.

కాబట్టి "అశ్రద్ధ వల్లే ఇలా అవుతుంది" అని రాసి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. నాన్నది అశ్రద్ధ కాదు. రెండు బిల్లులున్నాయి, ఒకటే జేబు ఉంది. నా బిల్లుకి చివరి తేదీ ఉంది, ఆలస్యమైతే ఫైన్ ఉంది. చెయిన్‌కి చివరి తేదీ ఎవరూ రాసివ్వలేదు. టైమింగ్ బెల్టు ఉండే బండ్లకైనా ఇన్ని కిలోమీటర్లకి మార్చమని ముందే చెబుతారు. చెయిన్ అయితే ఇంజన్ ఉన్నంతకాలం వస్తుందని వదిలేస్తారు చాలామంది. తేదీ లేని బిల్లు ఎప్పుడూ వెనక్కే పోతుంది. బండి మీద బతికే ఇళ్లల్లో జరిగేది ఇదే.

అందుకే నా అభిప్రాయం "జాగ్రత్తగా ఉండండి" కాదు. తేదీ లేని బిల్లుకి తేదీ వేయండి అని. మేం ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది చెబుతా, చిన్నదే. ప్రతి ట్రిప్పుకీ ఒక వంద రూపాయలు విడిగా ఒక డబ్బాలో పడుతుంది. ఇంటి ఖర్చు కింద కాదు, డీజిల్ కింద రాసుకుంటాం. ఎందుకంటే అరుగుదల కూడా డీజిల్ లాంటిదే. ప్రతి కిలోమీటరుకీ ఖర్చవుతూనే ఉంటుంది, ముల్లు చూపించదు అంతే. ఆయిల్ మార్చే తేదీ నా ఫోన్ క్యాలెండర్‌లో ఉంది, నాన్న ఫోన్‌లో కాదు. ఇంజనీరింగ్ చదువుతున్నా కదా, ఆ మాత్రం పని నాది. 42 వేలలో కొంత అప్పు ఇంకా ఉంది, ఈ డబ్బాలోంచి అది కూడా తీరాలి. సులువని చెప్పను.

మీకు చెప్పేది రెండు మాటలు. ఒకటి, ఈ కాలేజీలో నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఫీజు వెనక ఆటో ఉంది, ట్రాక్టర్ ఉంది, కుట్టు మిషను ఉంది, బోరు మోటారు ఉంది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నారా అన్నాక, "బండి సౌండ్ ఎట్లా ఉంది?" అని కూడా అడగండి. "బాగానే నడుస్తోంది" అంటే, నడుస్తోందా అని కాదు, సౌండ్ ఎట్లా ఉందని మళ్లీ అడగండి.

రెండు, మన కోడ్. మా మినీ ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ ఉంది, ఎందుకు పనిచేస్తుందో మా టీమ్‌లో నలుగురికీ తెలియదు. పైన "ముట్టుకోవద్దు" అని కామెంట్ రాసింది నేనే. పోయిన వారం దాన్ని విప్పా. క్యాప్‌లు పేపరు మీద పెట్టినట్టు వరసగా పెట్టుకుని, ఒక్కోటి చూసుకుంటూ. రెండు రాత్రులు పట్టింది. లోపల ఒక తప్పు ఉంది, డేటా ఎక్కువైనప్పుడు మాత్రమే బయటపడే తప్పు. డెమో రోజున బయటపడేది.

లాప్‌టాప్ మీద స్టిక్కర్ పోయిన చోట జిగురు మచ్చ ఇంకా ఉంది. టెన్షనర్ పిన్ను నా పెన్సిల్ బాక్స్‌లో ఉంది. నాన్న ఇవాళ పొద్దున్న కూడా మెసేజ్ పంపాడు. నేలపట్టుకి ట్రిప్పుందని, మధ్యాహ్నం ఫోన్ చేస్తానని. మాటలయ్యాక రెండోసారి పెట్టి వెనక శబ్దం ఒక్కటే విన్నా. మామూలుగానే ఉంది. రేపు కూడా వింటా.